ముక్కల పటము

క్రిస్మసు నాళ్ల చలిలో ఇంటిల్లిపాదియు బల్లచుట్టు చేరి బొమ్మముక్కలను కూర్చుట ఇంగ్లండు మొదలగు దేశములలో పాత వేడుక. దానిని జిగ్సా అందురు. ఆ ఆట పుట్టినది మాత్రము పాఠము కొఱకే. 1760వ దశకమున లండనులో పటములు చెక్కు జాన్ స్పిల్స్‌బరీ దేశపటమును పలుచని చెక్కకు అంటించి, రాజ్యముల ఎల్లల వెంబడి ఱంపముతో కోసెను. వానిని తిరిగి కూర్చుచు పిల్లలు భూగోళము నేర్చిరి. ఆ ముక్కలు నేటివానివలె ఒకదానితో నొకటి బిగిసికొనవు. మోచేయి తగిలినచో రాజ్యములే చెదరిపోవును!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలు ఇట్టి ఆటను సెలవులలో స్వయముగా చేసికొనవచ్చును. పాత కరీంనగరు జిల్లాపటమును దళసరి అట్టకు అంటించి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఎల్లలను గీసి కత్తిరింపవలెను. ఆనాడే జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రములైనవి. జగిత్యాల ముక్కకు గోదావరియే ఉత్తరపు అంచు, కోరుట్ల అందులోనిదే. సిరిసిల్ల ముక్కలో మానేరు కనబడును. హుస్నాబాదు ప్రాంతము అప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరినది. ఆ ముక్కను గూడ వెదకి చేర్చినగాని తాతకు తెలిసిన జిల్లా పూర్తికాదు. అది ఎటువైపునకు అమరునో ఆయననే అడుగవలెను.