తెమడ పరీక్ష – రెండు గంటల్లో రెండు జవాబులు

మన హాస్టళ్ళలో ట్రంకుపెట్టెలు పక్కపక్కనే పెట్టుకుని ఒకే హాలులో పడుకుంటాం. ఒకరికి దగ్గొస్తే హాలంతా మేలుకుంటుంది. క్షయ క్రిమి పాకేది ఆ దగ్గిన గాలిలోంచే.

1882లో రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనుగొన్నాడు. అప్పటినుంచి వందేళ్ళకు పైగా తెమడను గాజుపలక మీద రాసి, రంగువేసి, మైక్రోస్కోపులో చూడటమే ప్రధాన పరీక్ష. క్రిమి ఉందని అది చెబుతుంది గానీ ఏ మందుకు చస్తుందో చెప్పదు. అది తెలియాలంటే క్రిమిని ల్యాబులో పెంచి, మందు కలిపి చూడాలి. ఈ క్రిమి ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకే ఫలితానికి వారాలు, ఒక్కోసారి రెండు నెలలు. ఈలోగా రోగి పనిచేయని మాత్రలు మింగుతూ, పక్కవాళ్ళకు అంటిస్తూ ఉంటాడు.

2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష రెండు గంటల్లోనే తేలుస్తుంది. మన ఆస్పత్రుల్లో దీన్ని సీబీనాట్ అంటారు. యంత్రం క్రిమి డి.ఎన్.ఎ.కు ప్రతులు తీసి, ఆర్‌పీవోబీ అనే జన్యువులో మార్పు ఉందేమో చూస్తుంది. ఉంటే ఆ క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగదన్నమాట. గోవా కంపెనీ తయారుచేసిన ట్రూనాట్ బ్యాటరీతో కూడా నడుస్తుంది. కరెంటు పోయే ఊళ్ళ నుంచి వచ్చిన మాకు అదే ఎక్కువ నచ్చింది.

ఒక్క ఐసోనియాజిడ్‌కే లొంగని రకాన్ని మామూలు సీబీనాట్ పట్టలేదు. దానికి లైన్ ప్రోబ్ అనే వేరే పరీక్ష ఉంది.

దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి, ఈ పరీక్షకు డబ్బు తీసుకోరు. డబ్బాలో ఉమ్మి పోస్తే ఏ యంత్రమూ ఏమీ చేయలేదు. పొద్దున్నే లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ ఇవ్వాలి. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. అందులో రిఫాంపిసిన్ అన్న వరుసకు ఎదురుగా ఏం రాశారో అడిగి చదివించుకోండి.