మందు వ్రాయు నర్సు



నేను అమెరికా దేశమున నొక విశ్వవిద్యాలయములో, మానసిక వ్యాధులకు చికిత్స చేయు నర్సు ప్రాక్టీషనర్లను తయారుచేయు శాఖకు డైరెక్టరుగా పనిచేయుచున్నాను. క్రిందటి సంక్రాంతికి స్వగ్రామము వచ్చినప్పుడు మా పెదనాన్నగారు అరుగుమీద కూర్చుండి నన్నొక ప్రశ్న యడిగిరి. "అమ్మాయీ, డాక్టరు మందు వ్రాయును, నర్సు ఆ మందు ఇచ్చును. ఇది అందరెరిగిన సంగతి. నర్సే మందు వ్రాసినయెడల రోగి గతి యేమి?" అని వారనిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సరియైన సమాధానము ఉండునట్లు చూచుటయే నా యుద్యోగము. వారికి చెప్పిన సంగతినే నేడు మీకును విన్నవించెదను.

ముందుగా ఈ నర్సు ఎట్లు ఏర్పడినదో చెప్పవలెను. అమెరికాలో 1882వ సంవత్సరమున, మసాచుసెట్సు రాష్ట్రమందలి మెక్లీను ఆసుపత్రిలో, మానసిక రోగులకు పరిచర్య చేయుటకై నర్సులకు ప్రత్యేక శిక్షణాలయము నెలకొల్పబడినది. ఆ కాలమున నర్సు పని రోగిని కనిపెట్టి యుండుట, శుభ్రపరచుట, అన్నము పెట్టుట. 1952లో హిల్డెగార్డు పెప్లౌ అను నర్సు ఒక గ్రంథము వ్రాసి, రోగికిని నర్సునకును నడుమ ఏర్పడు సంబంధము చికిత్సలో నొక ముఖ్యభాగమని చూపెను. తరువాత ఆమె న్యూజెర్సీలోని రట్గర్సు విశ్వవిద్యాలయమున ఈ విషయమునే ఉన్నత విద్యగా బోధించెను. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెటా ఫోర్డు అను నర్సును, హెన్రీ సిల్వరు అను పిల్లల వైద్యుడును కలిసి మొట్టమొదటి నర్సు ప్రాక్టీషనరు శిక్షణను ఆరంభించిరి. డాక్టర్లు చాలని చోట్ల పిల్లలకు వైద్యము అందవలెనని వారి యుద్దేశము. కాలక్రమమున ఈ రెండు పాయలును కలిసినవి. నేడు అమెరికాలో మానసిక నర్సు ప్రాక్టీషనరు రోగిని పరీక్షించి, వ్యాధిని నిర్ణయించి, మందు వ్రాయును. సంభాషణతో చేయు చికిత్సయు చేయును. కొన్ని రాష్ట్రములలో ఆమె స్వతంత్రముగా పనిచేయవచ్చును. కొన్నిటిలో డాక్టరుతో ఒడంబడిక యుండవలెను. అక్కడి గ్రామసీమలలో మానసిక వైద్యుడు ఒక్కడైనను లేని ప్రాంతములు పెక్కు కలవు. అట్టి చోట్ల ఈ నర్సే దిక్కు.

ఇంతటి యధికారము ఊరక లభించునది కాదు. మొదట నాలుగేండ్లు చదివి నర్సింగు పట్టము పొంది, లైసెన్సు పరీక్షలో నెగ్గవలెను. పిమ్మట మా వద్ద రెండు మూడేండ్లు చదువవలెను. దేహమునందు వ్యాధి ఎట్లు పుట్టునో, మందు ఎట్లు పనిచేయునో, దేహమును ఎట్లు పరీక్షింపవలెనో ముందు నేర్చుకొనవలెను. ఒక యుదాహరణము చెప్పెదను. ఉన్మాదము, దిగులు మార్చిమార్చి వచ్చు జబ్బునకు లిథియము అను మందు ఎంతో మేలుచేయును. కాని మోతాదు మించినచో అదియే విషమగును. కావున రక్తములో అది ఎంత యున్నదో చూచుచు, మూత్రపిండములను, థైరాయిడు గ్రంథిని మధ్యమధ్య పరీక్షించుచు నుండవలెను. ఇది తెలియనివారు ఆ మందు వ్రాయరాదు.

పుస్తకజ్ఞానము తరువాత, అనుభవజ్ఞులైన గురువుల కనుసన్నలలో నిజమైన రోగులకు చికిత్స చేయవలెను. 2022లో ప్రకటింపబడిన జాతీయ ప్రమాణముల ననుసరించి ఈ సాధన 750 గంటలకు తగ్గరాదు. అంతకుముందు 500 గంటలు చాలునని యుండెను. ఆ పిదప జాతీయ పరీక్ష. దానిపైన రాష్ట్రప్రభుత్వపు అనుమతి.

ఇందులో డైరెక్టరు చేయు పని యేమి? విద్యార్థులను ఎన్నుకొనుట, వారికి గురువులను వెదకుట, కడపట "ఈమెకు రోగులను అప్పగింపవచ్చును" అని సంతకము చేయుట. గురువులను వెదకుటయే మిక్కిలి కష్టము. వారు తమ రోగులతో తీరిక లేనివారు. వారిలో పెక్కుమందికి మేము జీతమియ్యము. కాని నాకు నిద్ర పట్టనీయనిది మాత్రము ఆ కడపటి సంతకమే.

కొన్ని యేండ్ల క్రిందట మా వద్ద నొక విద్యార్థిని యుండెను. వ్రాత పరీక్షలన్నిటను ఆమెయే ప్రథమురాలు. డెబ్బదేండ్లు దాటిన యొక రైతును అతని భార్య వైద్యశాలకు తీసికొనివచ్చెను. అతడు రాత్రులు నిద్రింపడు. గదిలో ఎవరో మనుష్యులున్నారని కేకలు వేయును. పాత కాగితములలో అతనికి పూర్వము దిగులు జబ్బు ఉండెనని యున్నది. ఆ జబ్బే ముదిరినదని నా విద్యార్థిని నిశ్చయించి, మతిచాంచల్యమునకిచ్చు మందొకటి వ్రాయుటకు సిద్ధపడెను. ఆమెకు గురువైన నర్సు ఆ యిల్లాలివైపు తిరిగి, "అమ్మా, ఇది ఎప్పటినుండి?" అని మాత్రము అడిగెను. "మూడు దినములనుండి. అంతకుముందు పశువుల లెక్కలన్నియు తానే వ్రాసికొనుచుండెను" అని ఆమె చెప్పెను. దేహపరీక్షలు చేయగా మూత్రములో రోగక్రిములు చేరినవని తేలినది. దానికి మందివ్వగా కొద్ది దినములలో అతనికి తెలివి కుదుటపడినది. మన పెద్దలు దీనినే సంధి ప్రేలాపన యనుచుందురు. ముసలివారికి దేహములో జబ్బు చేసినప్పుడు మనస్సు ఇట్లు హఠాత్తుగా తప్పుట కలదు. అట్టి సమయమున కారణము వెదకక మతిమందులతో సరిపెట్టినచో అసలు జబ్బు లోలోపల పెరిగి ప్రాణాపాయము తేగలదు.

ఒక్క తప్పునకు ఎవరిని గాని శిక్షింపరాదు. కాని ఆమె వ్రాసిన రోగుల వివరములన్నియు నేను తెప్పించి చదివితిని. "ఎప్పటినుండి" అనుచోట తరచు ఖాళీగా నున్నది. ఇంటివారిని అడిగినట్లు ఎక్కడను లేదు. నేను సంతకము పెట్టక, ఆమెను మరియొక నాలుగు నెలలు నిలిపితిని. ఆమె కంటనీరు పెట్టుకొనెను. ఆమెను పనిలోనికి తీసికొనదలచిన యొక గ్రామ వైద్యశాలవారు, "మా రోగులు ఎన్నాళ్లనుండియో కాచుకొనియున్నారు, మీకు దయ లేదా?" అని నాకు వ్రాసిరి. వారి మాటయు నిజమే. ఆ నాలుగు నెలలు చికిత్స లేక ఎవరు ఎంత బాధపడిరో నేనెరుగను. ఆ భారము నాదే. అయినను, అడుగక వ్రాయు చేతిని వారికి పంపుట కంటె ఆలస్యము మేలని యప్పుడు తలచితిని, ఇప్పుడును తలచుచున్నాను.

మా పెదనాన్నగారు ఇదంతయు విని, "ఆ పిల్ల ఇప్పుడెక్కడ నున్నది?" అనిరి. "ఆ గ్రామ వైద్యశాలలోనే యున్నది. ఇప్పుడు నా విద్యార్థులకు ఆమెయే గురువు" అని చెప్పితిని.

మన దేశమున మానసిక వ్యాధులకు మందు వ్రాయుట డాక్టర్ల పనియే. అయినను డాక్టరు కంటె ముందు కబురు వచ్చునది మీ యరుగు మీదికే. ఎవరి యింటనైనను మనిషి తీరు మారినదని మీతో చెప్పినప్పుడు, గాలి సోకినదనియో, పిచ్చి పట్టినదనియో తీర్పు చెప్పకముందు మూడు మాటలు అడుగుడు. ఇది ఎప్పటినుండి? జ్వరము, నిద్ర, ఆహారము, మూత్రము ఎట్లున్నవి? ఏ మందులు వాడుచున్నారు, ఏవి మానినారు? మార్పు హఠాత్తుగా వచ్చినదైనచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పంపుడు. మనస్సునకు సంబంధించిన సలహా కొరకు 2022 అక్టోబరు 10న భారతప్రభుత్వము ప్రారంభించిన టెలీమానసు అను సేవ కలదు. 14416 అను నంబరునకు ఫోను చేసి తెలుగులోనే, రుసుము లేకుండ, మాటలాడవచ్చును.

ఆ మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబులను ఒక కాగితము మీద వ్రాసి రోగివెంట పంపుడు. ఆసుపత్రిలో దానిని చదువువారికి అది యెంతో సహాయము చేయును.