వేలిముద్రకు సెలవు!

కైకలూరు చుట్టుపక్కల చేపల చెరువు లీజుకివ్వాలన్నా, బ్యాంకులో డబ్బు తీయాలన్నా కాగితం తప్పదు. చదువురాని పెద్దవాళ్లు మాత్రం 'ఎక్కడ వెయ్యాలి నాయనా?' అంటూ బొటనవేలు చాపుతారు. అందులో ఏం రాసుందో... ఎదుటివాళ్లు చెప్పిందే వేదం!

అరవై దాటాక అక్షరాలు వస్తాయా? భేషుగ్గా వస్తాయి. కేంద్రం 2022-27 కాలానికి చేపట్టిన 'ఉల్లాస్' కార్యక్రమం అందుకే. పదిహేనేళ్లు నిండితే చాలు, ఆపైన ఎంత వయసైనా ఫర్వాలేదు. పాఠాలు చెప్పేది జీతం తీసుకోని వాలంటీర్లు. బడికెళ్లే మనవరాలూ వాలంటీరు కావచ్చు! చివర్లో చదవడం, రాయడం, లెక్కల్లో 50 మార్కుల చొప్పున మొత్తం 150 మార్కులకు పరీక్ష ఉంటుంది.

'ఈ వయసులో చదివి ఏం చేస్తాం?' అనేవాళ్లు నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తుచేసుకోవాలి. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యతా కేంద్రంలో మహిళలు చదివిన పాఠం సారా మీద చర్చకు, ఆ చర్చ ఉద్యమానికి దారితీసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది.

సంతకం మొదటి మెట్టే. కాగితం మొత్తం చదివి, 'దీనికి నేను ఒప్పుకోను' అనగలగడమే అసలు చదువు. ఈ ఆదివారం పలక తీసి అమ్మమ్మ చేతికివ్వండి!