చుక్కలే చిరునామా.. ఫొటోలే సాక్ష్యం
తిమింగల సొరల లెక్క తేల్చడంలో డైవర్లే శాస్త్రవేత్తలకు అండ

విశాఖపట్నం: 2021 డిసెంబరులో విశాఖ సమీపంలోని తంతడి తీరానికి ఓ భారీ చేప కొట్టుకువచ్చింది. సుమారు రెండు టన్నుల బరువున్న ఆ తిమింగల సొరను అటవీశాఖ సిబ్బంది, మత్స్యకారులు, వన్యప్రాణి ప్రేమికులు శ్రమించి తిరిగి లోతునీటిలోకి పంపించారు. మూగజీవి ప్రాణం దక్కిందన్న సంతోషంతో చాలామంది ఆ సంగతిని అక్కడితో మరచిపోయారు. అయితే అధికారులు మరో పని కూడా చేపట్టారు. అది ఏ సొర అన్నది తేల్చేందుకు దాని ఫొటోలను మాల్దీవుల్లోని పరిశోధన బృందానికి పంపేందుకు పూనుకున్నారు. సముద్రంలో తిరిగే చేపకు గుర్తింపు ఎలా సాధ్యమన్న సందేహం కలగడం సహజం. సమాధానం దాని ఒంటిమీది చుక్కల్లోనే ఉంది.

వేల్ షార్క్ అని పిలిచే ఈ జీవి పేరులో తిమింగలం ఉన్నా, నిజానికి ఇది మొప్పలతో శ్వాసించే చేపే. ప్రపంచంలోని చేపలన్నింటిలోనూ ఇదే పెద్దది. ఆహారం మాత్రం నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు, చిరుచేపలు. ముదురు రంగు వీపుపై తెల్లని చుక్కలు, గీతలు ముగ్గు పెట్టినట్లు ఉంటాయి. మనిషికి వేలిముద్రలు ఎలాంటివో దీనికి ఆ చుక్కలు అలాంటివి. ఒకదాని అమరిక మరొకదానికి ఉండదు. ఏళ్లు గడిచినా చెరిగిపోదు. కనుక దాని శరీరానికి ట్యాగు గుచ్చాల్సిన అవసరం లేకుండానే, ఒక్క చక్కని ఫొటోతో ఆ జీవిని జీవితాంతం గుర్తుపట్టవచ్చు.

ఆకాశం నుంచి సముద్రానికి
ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని నింగలూ పగడపు దిబ్బల వద్ద 1990వ దశకంలో పరిశోధకుడు బ్రాడ్ నార్మన్ ఈ తరహా ఫొటోల సేకరణ ప్రారంభించారు. 1995లో ఆయన జాబితాలో మొదటి సంఖ్య పొందిన సొర పేరు 'స్టంపీ'. తోక వైకల్యంతో ఉన్న ఆ మగ సొర రెండు దశాబ్దాల తరువాత కూడా అదే తీరంలో కనిపించింది. ఫొటోలు పదుల్లో ఉన్నంతకాలం కంటితో పోల్చడం సాధ్యమే. అవి వేలకు చేరాక అది మనుషుల వల్ల అయ్యే పని కాదు.

ఇక్కడే ఖగోళ శాస్త్రం ఆదుకుంది. రెండు ఆకాశ చిత్రాల్లోని నక్షత్రాలను సరిపోల్చేందుకు 1986లో ఎడ్వర్డ్ గ్రోత్ అనే శాస్త్రవేత్త ఒక గణిత పద్ధతిని రూపొందించారు. మూడేసి చుక్కలను కలిపితే ఒక్కో త్రిభుజం ఏర్పడుతుంది. ఫొటో దూరం నుంచి తీసినా, దగ్గర నుంచి తీసినా, కొంత వంకరగా తీసినా ఆ త్రిభుజాల భుజాల నిష్పత్తులు పెద్దగా మారవు. రెండు చిత్రాల్లో ఒకే రకం త్రిభుజాలు ఎక్కువగా దొరికితే రెండూ ఒకే నక్షత్ర సమూహానివని అర్థం. నక్షత్రాల స్థానంలో సొర చుక్కలను ఉంచితే సరిపోతుందని ఖగోళ శాస్త్రవేత్త జావెన్ అర్జుమానియన్, కంప్యూటర్ నిపుణుడు జేసన్ హోంబర్గ్, నార్మన్ కలిసి 2005లో నిరూపించారు. ఆ పునాదిపై పెరిగిన ఫొటోల భాండాగారమే ఇప్పుడు షార్క్‌బుక్ పేరుతో నడుస్తోంది.

దీనికి ముడిసరుకు అందించేది ప్రధానంగా సెలవుల్లో సముద్రం చూడటానికి వెళ్లే సాధారణ డైవర్లు, పడవ నిర్వాహకులే. 1992 నుంచి 2014 వరకు దాదాపు 30 వేల నమోదులు అందాయి. 54 దేశాల్లో 6 వేలకు పైగా సొరలను విడివిడిగా గుర్తించగలిగారు. ఇవి గుంపులుగా చేరే ప్రాంతాలు అంతకుముందు 13 మాత్రమే తెలియగా, ఆ సంఖ్య 20కి పెరిగింది. ఎంత పెద్ద పరిశోధన సంస్థ అయినా ఇన్ని దేశాల్లో ఇన్నేళ్లపాటు సొంత సిబ్బందిని నీటిలో దింపడం అయ్యే పని కాదు.

లెక్క ఎలా తేలుతుంది?
ఒక తీరంలో మొదటి ఏడాది 50 సొరలను ఫొటోల ద్వారా గుర్తించారనుకుందాం. మరుసటి ఏడాది 40 కనిపించగా, వాటిలో పది పాతవేనని తేలింది. అంటే కనిపించిన వాటిలో నాలుగో వంతు ముందే తెలిసినవి. ఆ లెక్కన మొదటి 50 కూడా మొత్తంలో నాలుగో వంతేనని, అక్కడ సుమారు 200 ఉండవచ్చని అంచనా. వాస్తవంలో కొన్ని వలసపోతాయి, కొన్ని చనిపోతాయి, కొత్తవి వస్తాయి. అందుకే శాస్త్రవేత్తలు ఇంతకంటే క్లిష్టమైన సూత్రాలు వాడతారు. మూలం మాత్రం ఇదే. ఒక ఏడాది ఫొటోలతో ఒరిగేది స్వల్పం. పాతికేళ్ల వరుస దొరికినప్పుడే వాటి సంఖ్య పెరుగుతోందో తరుగుతోందో తెలుస్తుంది. ఇండో-పసిఫిక్ ప్రాంతంలో 75 ఏళ్లలో వీటి సంఖ్య 63 శాతం తగ్గిందన్న అంచనాతో 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తిమింగల సొరను అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చింది.

ఈ పద్ధతికి పరిమితులూ లేకపోలేదు. పర్యాటకులు వెళ్లే చోటి నుంచే ఫొటోలు వస్తాయి. వెళ్లని చోట సొరలు లేవని అనుకోవడం పొరపాటు. గుర్తించినవాటిలో 66 శాతానికి పైగా మగవే కావడం గమనార్హం. మహాసముద్రాలను దాటి వెళ్లినట్లు ధ్రువపరిచే ఒక్క ఫొటో జత కూడా 2014 నాటికి దొరకలేదు. మన తూర్పు తీరం వంటి చోట్ల నుంచి ఫొటోలు అందితేనే ఇలాంటి ఖాళీలు పూరతాయి.

ఈ పనికి డిగ్రీలు అడ్డుకావని చెప్పేందుకు న్యూ కెలడోనియా రాజధాని నౌమియాలోని బామ్మలే నిదర్శనం. అరవై, డెబ్భై ఏళ్ల వయసున్న ఏడుగురు మహిళలు అక్కడి బీచ్ వద్ద ఈత కొడుతూ విషపూరితమైన సముద్రపు పాముల తోకలను ఫొటో తీశారు. ఎక్కడో ఒకటి తప్ప కనిపించదనుకున్న ఆ జాతి పాములు అదే చిన్న అఖాతంలో 240కి పైగా ఉన్నట్లు తేలింది. 2019లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

వలలో పడితే..
మన దేశంలో తిమింగల సొరకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. దీన్ని వేటాడటం నేరం. గుజరాత్‌లో 2004లో మొదలైన ప్రచారం ఫలితంగా వందల సొరలను మత్స్యకారులే వలలు కోసి వదిలిపెట్టారు. వల నష్టానికి అటవీశాఖ పరిహారం చెల్లిస్తుండగా, విడిచిపెట్టినట్లు రుజువు కోసం వారికి కెమెరాలూ అందజేశారు. పరిహారం కోసం తీసిన ఆ ఫొటోలు పరిశోధనకూ అక్కరకు వస్తాయి.

గుర్తింపునకు పనికివచ్చే ఫొటో ఎలా ఉండాలన్నది డైవర్లు, మత్స్యకారులు తెలుసుకోవాలి. మొప్పల చీలికల వెనుక, పక్క రెక్కకు పైన ఉండే భాగం స్పష్టంగా పడాలి. ముందుగా ఎడమ పక్క, వీలైతే కుడి పక్క తీయాలి. గాయాలు, పడవ తాకిన మచ్చలు ఉంటే వాటినీ తీయాలి. తేదీ, ప్రదేశం తప్పక రాయాలి. కెమెరాలో తేదీ తప్పుగా ఉంటే ఆ ఫొటో పరిశోధకులను తప్పుదారి పట్టిస్తుంది. ఈదుతున్న సొరను తాకరాదు, ఫ్లాష్ వాడరాదు. పశ్చిమ ఆస్ట్రేలియా నిబంధనల ప్రకారం శరీరానికి మూడు మీటర్లు, తోకకు నాలుగు మీటర్ల దూరం పాటించాలి. సొర వలలో చిక్కినా, ఒడ్డుకు చేరినా అటవీశాఖకు వెంటనే సమాచారం ఇచ్చి, విడిచిపెట్టే పనికి ఆటంకం కలగకుండా ఫొటో తీస్తే చాలు.