శ్లాబుకూ దాహం వేస్తుంది!

ఉద్దానంలో చాలా కుటుంబాలకు శ్లాబు ఇల్లంటే ఏళ్ల తరబడి వలస వెళ్లి కూడబెట్టిన సొమ్ము. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానును చూసినవారికి రేకుల కింద కన్నా శ్లాబు కిందే ధీమా. అంత కష్టపడి వేయించుకున్న శ్లాబు మీద మర్నాటికే సన్నటి నెర్రెలు కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సిమెంటు మంచిది కాదనో, మేస్త్రీ సరిగా వేయలేదనో అనుకుంటారు. చాలాసార్లు అసలు దోషి గాలి!

తాగేసేది గాలే
కాంక్రీటు పోసి మట్టం చేశాక ఇసుక, కంకర బరువుకు కిందికి సర్దుకుంటాయి. నీరు పైకి తేలుతుంది. అలా తేలే నీటికన్నా ఆవిరయ్యేది ఎక్కువైతే పైపొర ముడుచుకుంటుంది. ఇంకా గట్టిపడని ఆ పొర లాగుడుకు తట్టుకోలేక చిట్లుతుంది. చదరపు మీటరుకు గంటకు లీటరు నీరు ఆవిరవుతుంటే ముప్పేనన్నది ఇంజినీర్ల లెక్క. అంటే వెయ్యి చదరపు అడుగుల శ్లాబు మీద గంటకు 90 లీటర్లకు పైమాటే. ఎండ లేకపోయినా గాలి బలంగా ఉంటే చాలు. వేసవిలో హరిశ్చంద్రపురం, టెక్కలి వైపు పొడి పడమటి గాలి తోలే రోజైతే చెప్పనక్కర్లేదు.

ఉప్పుగాలితో చేటు
సన్నటి నెర్రే కదా అని వదిలేయడానికి లేదు. అందులోంచి వాననీరు, సముద్రపు ఉప్పు లోపలి ఇనుప చువ్వలను చేరతాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దాంతో కాంక్రీటు ఉబ్బి పెచ్చులూడుతుంది.

ఏం చేయాలి?
* పోసేముందు సెంట్రింగును, చువ్వలను తడపాలి. నీళ్లు నిలవకూడదు.
* ఎండ, గాలి తగ్గే వేళ చూసుకుని మొదలుపెట్టాలి. గాలి వచ్చే వైపు టార్పాలిన్ కట్టాలి.
* జారుగా ఉండాలని నీళ్లు గుమ్మరించొద్దు. తీరప్రాంతంలో 50 కిలోల సిమెంటు బస్తాకు ఇసుకలోని తడితో కలిపి 22.5 లీటర్లు మించకూడదు.
* తేలిన నీరు ఆరిపోవాలని పొడి సిమెంటు చల్లొద్దు.
* మట్టం చేసిన భాగాన్ని చేసినట్టే ప్లాస్టిక్ పట్టాతో కప్పాలి. వేలిముద్ర పడనంత గట్టిపడ్డాక తడి గోనెపట్టాలు పరవాలి.
* తర్వాత మడులు కట్టి నీరు నిలపాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ లేదా స్లాగ్ కలిసిన సిమెంటుకు, పొడి ఎండల్లో దేనికైనా కనీసం 10 రోజులు తడి ఆరకూడదని ప్రామాణిక నిబంధన ఐఎస్ 456 చెబుతోంది.

పచ్చిగా ఉండగానే నెర్రె కనిపిస్తే చెక్క తాపీతో గట్టిగా రుద్ది మూసేయొచ్చు. గట్టిపడ్డాక పైన సిమెంటు పాలు పూస్తే కనిపించకుండా పోతుందే తప్ప లోపలి నెర్రె మూసుకోదు. అప్పుడు ఇంజినీరుకు చూపించాల్సిందే.

‘పొద్దున్నే నీళ్లు కొడదాంలే’ అనుకుంటేనే చిక్కు. ఈ నెర్రెలు పుట్టేది పోసిన తొలి కొన్ని గంటల్లోనే. ఆ కాసేపూ కావలసింది నాలుగు పట్టాలు, కనిపెట్టుకుని ఉండే ఓ మనిషి. అంతే!