హనుక్కా లెక్క: రెండో రాత్రి కూడా వెళ్లాలి

హనుక్కా అంటే యూదుల దీపాల పండుగ, ఎనిమిది రాత్రులు చేస్తారు. ఇవాళ దాంట్లో ఉన్న ఒక చిన్న లెక్క చెప్తాను.

క్రీ.పూ. 164లో మక్కబీలు జెరూసలేం ఆలయాన్ని దక్కించుకుని శుద్ధి చేశారు. ఒక్క రోజుకి సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని కథ. అందుకే మొదటి రాత్రి ఒక దీపం, రెండో రాత్రి రెండు, అలా ఎనిమిది దాకా. మొత్తం 36. వాటిని వెలిగించే 'షమాష్' రోజుకొకటి కలిపితే 44.

దీని మీద అప్పట్లో పెద్ద డిబేటే నడిచింది. షమ్మాయి శిష్యులేమో ఎనిమిదితో మొదలెట్టి తగ్గిద్దామన్నారు. హిల్లెల్ శిష్యులు ఒకటితో మొదలెట్టి పెంచుదామన్నారు. హిల్లెల్ మాటే నిలిచింది.

ముసలితనం షమ్మాయి లెక్కలాంటిది. చూపు, వినికిడి, స్నేహితులు... ఒక్కో దీపం తగ్గిపోతుంది. దాన్ని తిప్పాలంటే ఎలా?

లండన్‌లో నైటింగేల్ హౌస్ అనే యూదు కేర్ హోమ్ ఉంది. 2017లో దాని ఆవరణలోనే పిల్లల నర్సరీ పెట్టారు. అంటే పిల్లలు పండక్కి వచ్చే చుట్టాలు కాదు, పక్కింటివాళ్లు. హనుక్కాలో తిప్పే బొంగరం డ్రైడెల్ చూడండి. దానికి పరుగు అక్కర్లేదు, రెండు వేళ్లు చాలు. నాలుగేళ్లకీ తొంభై ఏళ్లకీ ఒకటే ఆట.

జాబ్‌లో ఉన్నప్పుడు మేం ఒకసారి వృద్ధాశ్రమానికి వెళ్లాం. కేక్, గ్రూప్ ఫోటో, గంటలో బస్సెక్కేశాం. "మళ్లీ ఎప్పుడొస్తారు బాబూ?" అని ఒక మామ్మగారు అడిగారు. నా దగ్గర ఆన్సర్ లేదు.

మొదటి దీపం ఎవరైనా పెడతారు ఫ్రెండ్స్. పండుగ అయ్యేది రెండో రాత్రి కూడా వెళ్తేనే.