లెక్కలు వదిలింది... మనసులు చదివింది!

నాజీలు తరిమేస్తే కట్టుబట్టలతో దేశం దాటిందామె. పొట్టకూటి కోసం పరాయి ఇళ్లలో పిల్లల్ని ఆడించింది. ఆ శరణార్థి అమ్మాయే మానసిక రోగుల సేవకు కొత్త అర్థం చెప్పి, నర్సింగ్ ప్రొఫెసర్‌గా ఎదిగింది. ఆమె పేరు... ఆనీ ఆల్ట్‌షుల్.

1938 మార్చి. హిట్లర్ సేనలు ఆస్ట్రియాలోకి అడుగుపెట్టాయి. వియన్నా వీధుల్లో యూదుల్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి రోడ్లు కడిగించారు. జనం చుట్టూ చేరి చోద్యం చూశారు. అదే ఊళ్లో విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకుంటోంది 19 ఏళ్ల ఆనీ. యూదుల ఇంట పుట్టడమే ఆమె చేసిన నేరం. చదువు సగంలోనే ఆగిపోయింది. కుటుంబంతో కలిసి ఇంగ్లండ్ చేరింది.

అక్కడేమైనా పూలదారి పరిచారా? లేదు. యూదు మహిళలకు బ్రిటన్ తలుపులు తెరిచిన మాట నిజమే కానీ, చాలామందికి ఇంటిపనికి ఒప్పుకుంటేనే వీసా. అలా వచ్చినవాళ్లు దాదాపు 20 వేల మంది! డాక్టర్ల భార్యలు, కాలేజీ విద్యార్థినులు... అందరూ అంట్లు తోమారు. గణిత సూత్రాలతో కుస్తీ పట్టిన ఆనీ కూడా పసిపిల్లల్ని చూసుకునే ఆయా అయింది.

శత్రువన్నారు!

1939లో యుద్ధం మొదలైంది. జర్మనీ, ఆస్ట్రియాల నుంచి వచ్చినవాళ్లంతా బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ‘శత్రుదేశీయులు’. హిట్లర్‌కి భయపడి పారిపోయి వచ్చినవాళ్లదీ అదే పరిస్థితి. మరోపక్క ఆసుపత్రుల్లో నర్సుల కొరత. శిక్షణలో చేరితే తిండీ వసతీతో పాటు ఎంతో కొంత భత్యం కూడా ఇచ్చేవారు. నిలువ నీడలేని అమ్మాయికి అంతకన్నా ఏం కావాలి? ఆనీ నర్సు దుస్తులు వేసుకుంది.

ఆమె దారిని మలుపు తిప్పింది మిల్‌హిల్. లండన్‌లోని మాడ్స్‌లీ మానసిక చికిత్సాలయాన్ని యుద్ధం కారణంగా ఖాళీ చేయించి, కొంతమంది సిబ్బందిని మిల్‌హిల్ పాఠశాల భవనాల్లోకి తరలించారు. గుండెదడ, ఆయాసంతో సైనికులు వచ్చేవారు. పరీక్షిస్తే గుండెలో జబ్బేమీ ఉండదు! మాక్స్‌వెల్ జోన్స్ అనే డాక్టర్ వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, శరీరం ఎందుకలా చేస్తుందో పాఠంలా చెప్పేవారు. పాఠాలు క్రమంగా చర్చలయ్యాయి. రోగులే ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. మాట కూడా మందేనని ఆనీకి తెలిసొచ్చింది.

తాళంచెవుల కాలంలో...

ఆ రోజుల్లో మానసిక ఆసుపత్రి నర్సు అంటే ప్రధానంగా కాపలాదారు. నడుముకి తాళంచెవుల గుత్తి, రోగి మీద ఓ కన్ను... అంతే. యుద్ధం ముగిశాక మాడ్స్‌లీలో బోధకురాలైన ఆనీ, నర్సులకు మనస్తత్వ శాస్త్రం తెలియాలని పట్టుబట్టింది. తానూ పని చేసుకుంటూనే బర్క్‌బెక్ కాలేజీలో ఆ సబ్జెక్టు చదివింది. 1957లో ఆమె రాసిన పాఠ్యపుస్తకం కొన్ని తరాల నర్సులకు దారిచూపింది.

1964లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిగా చేరింది. వార్డుల్లో నర్సులూ రోగులూ ఎలా మాట్లాడుకుంటున్నారో గమనించి, 1972లో పుస్తకంగా తెచ్చింది. తాము రోగితో ఎందుకు, ఎలా మాట్లాడుతున్నామన్న దానికి నర్సుల దగ్గర సిద్ధాంతమంటూ ఏదీ లేదని తేల్చింది. అయినా ఆ మాటలు తమకు మేలు చేశాయని రోగులు చెప్పారు! 1976లో ఆమె అక్కడే ప్రొఫెసర్ అయింది. ఆస్ట్రియా నుంచే పారిపోయి వచ్చి నర్సయిన లిజ్బెత్ హాకీ కూడా అదే విశ్వవిద్యాలయంలో నర్సింగ్ పరిశోధన విభాగానికి సారథ్యం వహించడం విశేషం.

తానే రోగి అయినప్పుడు...

1983లో పదవీ విరమణ. అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వ పురస్కారం సీబీఈ. ఇక హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చనుకునే వేళ... తీవ్రమైన కుంగుబాటు ఆమెను కమ్మేసింది. జీవితమంతా మంచం పక్కన నిలబడిన మనిషి మంచం మీదికి చేరింది. ఇంకొకరైతే గుట్టుగా ఉంచేవారేమో. ఆమె దాచలేదు. మానసిక వైద్యరంగంలో పనిచేస్తూ కుంగుబాటుకి లోనైనవారి అనుభవాలతో 1985లో వచ్చిన సంకలనంలో సొంత పేరుతోనే తన కథ రాసింది. ‘ఈ జబ్బు సిగ్గుపడాల్సింది కాదు’ అని విద్యార్థులకు చెప్పడం వేరు, తనకే వచ్చినప్పుడు నలుగురి ముందూ ఒప్పుకోవడం వేరు. ఆనీ రెండూ చేసింది.

2001లో, 82 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. ఒక దేశం పొమ్మంది, మరో దేశం శత్రువంది. ఆ రెండో దేశంలోనే అందరూ దూరం పెట్టే మనుషుల పక్కన కుర్చీ వేసుకు కూర్చుని, ‘చెప్పండి, వింటాను’ అనడం నర్సులకు నేర్పింది ఆనీ!